మామయ్య స్నేహితుడి నోరు

జూలై 3

మామయ్యా,

ఈ ఉదయం ల్యాబ్ తలుపు తీసేసరికి బల్ల మీద ఆరు దవడలు వరుసగా కూర్చుని ఉన్నాయి. అయిదు నోళ్ళు మూసుకుని ఉన్నాయి. ఒకటి మాత్రం తెరుచుకుని ఉంది. నిన్న సాయంత్రం దాన్ని మూసి వెళ్ళాల్సింది నేనే.

మీరు చెప్పినట్టు ఉత్తరమే రాస్తున్నాను. ఫోన్‌లో నా గొంతు గదిలో దోమ తిరిగినట్టు ఉంటుందని మీరన్నారు. నిజమే కావచ్చు.

సంగతేమిటంటే, నేను అప్రెంటిస్‌గా చేరాను. అప్రెంటిస్‌షిప్ బోర్డు ఈ ఏడాది కొన్ని కొత్త పనులు చేర్చింది. చెవి మిషన్లు అమర్చడం, కళ్ళద్దాలు అరగదీయడం, ముసలివాళ్ళను చూసుకోవడం, కట్టుడు పళ్ళు చేయడం. పళ్ళకి దరఖాస్తు పెట్టింది నేనొక్కదాన్నే. అందుకే తీసుకున్నారేమో.

సైకిల్ షాపు మేడ మీద రెండు గదులు. ఒకదాంట్లో మైనం, ప్లాస్టర్. రెండోదాంట్లో పాలిష్ మిషన్. ల్యాబ్ మేడంది. పాలిష్ చేసే ఆయన్ని అందరూ పాలిష్ అన్న అంటారు. పక్కనే పళ్ళ డాక్టరుగారి గది.

మార్చిలో ఇన్‌స్పెక్టర్ వచ్చి చూస్తారు. బాగుందంటే ఈ పని జాబితాలో ఉంటుంది, నేనూ ఉంటాను. లేకపోతే రెండూ పోతాయి. అమ్మ అప్పుడే బ్యాంకు పరీక్ష పుస్తకాలు కొని అలమరలో పెట్టింది. అట్టలు కూడా వేసింది.

మీరు అప్రెంటిస్‌గా చేరి మేస్త్రీగా రిటైరయ్యారు. అమ్మ మీ మాట వింటుంది.

మీ
గుసగుస


జూలై 11

గుసగుసకి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. మొదటిసారి నమ్మలేక, రెండోసారి మీ అత్తయ్య వింటుందని.

ఫిట్టరు, టర్నరు, వెల్డరు, వడ్రంగి. మా రోజుల్లో అప్రెంటిస్ అంటే ఇదీ వరస. మేం చేసేది ఏది కాలి మీద పడినా వేలు ఊడేది. కట్టుడు పళ్ళు కాలి మీద పడితే ఏం ఊడుతుంది? రేపు ఆవలించడానికీ ఎల్లుండి ఈల వేయడానికీ కూడా అప్రెంటిస్‌లను తీసుకుంటారు కాబోలు. అయినా అన్ని పనులుండగా పళ్ళే ఎందుకే నీకు? అది మాత్రం రాయలేదు.

మీ అమ్మ ఫోన్ చేసింది. అత్తయ్య మాట్లాడింది. అన్నయ్య ఏమంటాడు అని అడిగిందట. ఆలోచిస్తున్నాడని చెప్పించాను. ఆలోచిస్తూనే ఉన్నాను.

సరే, చేరావు కదా. చేరినదానివి పద్ధతిగా ఉండు. మొదటి నెల చీపురు తప్ప ఏదీ ముట్టుకోకు. ముట్టుకోమన్నా ముట్టుకోకు. పనిముట్టు తీసిన చోటే పెట్టు. మేస్త్రీ చేతులు చూడు, మొహం చూడకు. మొహం చూస్తే భయం వస్తుంది, పని రాదు.

ఆ దవడ నోరు మూయకుండా ఇంటికి వెళ్ళావే, మా వర్క్‌షాపులో అయితే నిన్ను పొద్దున్న గేటు బయట నిలబెట్టి ఉండేవాణ్ణి.

మామయ్య


ఆగస్టు 9

మామయ్యా,

నాకు చీపురు ఇవ్వలేదు. ఊడ్చేందుకు వేరే ఆవిడ ఉంది. అడిగితే నావైపు అనుమానంగా చూసింది.

మొదటి వారం సబ్బు ముక్కల్లో పళ్ళు చెక్కమన్నారు. అరచేతంత దంతం. నా ఒళ్ళంతా, నా పుస్తకాలూ సబ్బు వాసన. తర్వాత మైనం ఇచ్చారు. స్పిరిట్ దీపం మీద చాకు వేడిచేసి మైనం కరిగించడం, అందులో పళ్ళు ఒక్కొక్కటే నిలబెట్టడం. పళ్ళు అట్టలకి అతికించి వస్తాయి, చొక్కా బొత్తాల్లాగా. వాటికి రంగులున్నాయి. తెలుపులోనే ఎన్ని తెలుపులో. పూర్తి తెలుపు ఎవరికీ పెట్టకూడదట.

నిన్న మొదటి పై పళ్ళ సెట్టు పూర్తి చేశాను. మేడం దాన్ని వేళ్ళ మధ్య ఒకసారి తిప్పి చూసి చెత్తబుట్టలో వేశారు. ఏమీ అనలేదు. ఎందుకో నేనూ అడగలేదు. కాన్వెంటులో సిస్టర్లు అడిగితేనే నోరు విప్పమనేవారు. ఆ అలవాటు పోలేదు.

అత్తయ్యని అడిగానని చెప్పండి. మీ జలుబు తగ్గిందా?

మీ
గుసగుస


ఆగస్టు 17

గుసగుసకి,

చెత్తబుట్టలోనా.

నేను అప్రెంటిస్‌గా చేరినప్పుడు మొదట పాడుచేసింది ఒక బోల్టు. మా మేస్త్రీ దాన్ని పారేయలేదు. నా బెంచి పైన గోడకి మేకు కొట్టి తగిలించాడు. నేను మేస్త్రీనయ్యేదాకా అది అక్కడే ఉంది. తలెత్తితే బోల్టు, తల దించితే పని. నా కింద చేరిన ప్రతివాడికీ నేనూ అలాగే తగిలించాను. మొదట పాడుచేసిన పనంత గొప్ప గురువు లేదు. దాన్ని చెత్తలో వేసే మనిషి మేస్త్రీ ఎలా అవుతుంది?

మీ మేడంకి ఈ ముక్కే విడిగా రాశాను. ఈపాటికి అంది ఉంటుంది. నువ్వేం కంగారు పడకు, మర్యాదగానే రాశాను.

జలుబు అలాగే ఉంది.

మామయ్య

అమ్మాయీ, కవరు అంటించే పని నాది కాబట్టి రెండు ముక్కలు రాస్తున్నాను. మేడంకి రాసిన దాంట్లో "చేతకాకపోతే" అన్న మాట ఉంది. కొట్టేయమన్నాను. వినలేదు. ఆవిడ మంచిదైతే బావుండు. — అత్తయ్య


సెప్టెంబర్ 2

మామయ్యా,

మీ ఉత్తరం మేడం గట్టిగా చదివారు. పాలిష్ అన్న మిషన్ ఆపి మరీ విన్నాడు. నేను బల్ల కింద పడిన పన్ను వెతుకుతున్నట్టు చాలాసేపు కిందే ఉన్నాను. పన్నేమీ పడలేదు.

చదవడం అయ్యాక మేడం సుత్తి తెమ్మన్నారు. నా బల్ల పైన గోడకి మేకు కొట్టారు. తగిలించడానికి సెట్టు లేదు, చెత్తబండి తీసుకుపోయింది. "సరే, ఇంకోటి పాడుచెయ్యి" అన్నారు. చేశాను. కష్టం కాలేదు.

తలెత్తితే అదే కనబడుతుంటే అడగక తప్పలేదు. ఇందులో తప్పేమిటి మేడం అని అడిగాను. "ముందుపళ్ళన్నీ ఒకే ఎత్తులో పెట్టావు. కంచెకి కర్రలు అలా ఉంటాయమ్మా, మనుషులకి కాదు" అన్నారు. అడిగితే ఇంత సులభంగా చెబుతారని తెలియదు.

ఇప్పుడు అసలు చిక్కు. మార్చి పరీక్షకి ఒక పూర్తి సెట్టు చేయాలి. ప్లాస్టర్ నోటికి కాదు, మనిషి నోటికి. ఆ మనిషిని నేనే వెతుక్కోవాలి. ఆ రోజు ఆయన ఇన్‌స్పెక్టర్ ముందు కూర్చుని నాలుగు మాటలు చదవాలి, ఏదైనా కొరకాలి. ఇక్కడికి వచ్చేవాళ్ళంతా డాక్టరుగారి మనుషులు. అప్రెంటిస్ చేతిలో నోరు పెట్టడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఇంటి ఓనరుగారిని అడుగుదామని రెండుసార్లు మెట్లెక్కి దిగాను.

మీ ఎరుకలో పళ్ళు లేనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?

మీ
గుసగుస


సెప్టెంబర్ 13

గుసగుసకి,

మేకు కొట్టిందా. అయితే మనిషి మంచిదే. చేతకాకపోతే అన్న మాట వెనక్కి తీసుకున్నానని చెప్పు.

నోటి సంగతి. నన్ను అడుగుతున్నావేమో అనుకుని మొదట నవ్వుకున్నాను. నావి ఉక్కు పళ్ళు. సీసా మూతలు ఇప్పటికీ పళ్ళతోనే తీస్తాను. కాబట్టి నేను నీకు పనికిరాను.

అయితే నాకో స్నేహితుడున్నాడు. నువ్వు ఎరగవు. పాపం, నోట్లో ఒక్క పన్ను లేదు. మంచివాడు, పనిమంతుడు, చూడటానికి కూడా బాగుంటాడు. అతన్ని అడిగాను. ఆలోచిస్తానన్నాడు. నొప్పి ఉంటుందా అని అడిగాడు. భయపడి కాదు, ఊరికే తెలుసుకుందామని.

మామయ్య

అమ్మాయీ, ఏ స్నేహితుడూ లేడు. నోట్లో పన్ను లేనిది మీ మామయ్యకే. పాత సెట్టు ఒకటుండేది, అది వదులైపోయి మాట్లాడుతుంటే ఊడి పడుతోందని పెట్టుకోవడం మానేశాడు. ఆ మీసం అందుకే. నువ్వు వచ్చినప్పుడల్లా జలుబు అని రుమాలు అడ్డం పెట్టుకునేదీ అందుకే. ఫోన్ వద్దని ఉత్తరాలు రాయించేది నీ గొంతు చిన్నదని కాదు, పళ్ళు లేకుండా తన మాట నీకెలా వినబడుతుందోనని. అన్నీ గుజ్జు చేసి పెట్టలేక చస్తున్నాను. కొత్తవి చేయించుకోమంటే వినడు. నీకు తెలిసినట్టు ఉండకు తల్లీ, పరువు పోయినట్టు అయిపోతాడు. — అత్తయ్య


సెప్టెంబర్ 20

మామయ్యా,

మీ స్నేహితుడికి నా నమస్కారాలు. మంచి స్నేహితుణ్ణి చూసి పెట్టారు.

నొప్పి ఉండదని చెప్పండి. మీ ఊళ్ళో ఏ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళినా చాలు, ఆయన రెండు పనులు చేస్తారు. మొదటిది, పై చిగుళ్ళకీ కింది చిగుళ్ళకీ అచ్చులు తీయడం. గంజిలాంటి చల్లటి ముద్ద నోట్లో పెట్టి కాసేపు కదలకుండా ఉండమంటారు. ముక్కుతో గాలి పీల్చుకోవాలి, మాట్లాడకూడదు. మీ స్నేహితుడికి మాట్లాడకుండా ఉండటం అలవాటేనా?

రెండోది, మైనం దిమ్మ ఒకటి కరిపిస్తారు. పై దవడా కింది దవడా ఎలా కలుస్తాయో మాకు చెప్పేది అదొక్కటే. ఆ మనిషి ఎదురుగా లేకపోయినా ఆయన నోరు మాకు ఆ మైనంలోనే కనబడుతుంది.

అచ్చులూ మైనం డబ్బాలో పెట్టి పంపితే చాలు. ఆయన పళ్ళ పాత ఫొటో ఏదైనా ఉంటే మరీ మంచిది. లేకపోయినా పరవాలేదు. ముందుపళ్ళలో ఒకటి కొంచెం పక్కకి తిరిగి ఉండేదా, నవ్వితే చిగుళ్ళు కనిపించేవా, అలాంటివి ఆయన్ని అడిగి రాయండి.

మీ
గుసగుస


అక్టోబర్ 18

గుసగుసకి,

డబ్బా పంపుతున్నాను. బట్టలో చుట్టి, దూదిలో పెట్టి, పైన చెక్క పలకలు వేసి మేకులు కొట్టాను. విప్పేటప్పుడు జాగ్రత్త.

నా స్నేహితుడు డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఆ ముద్ద నోట్లో పెట్టినంతసేపూ ధైర్యంగానే ఉన్నాడట, కళ్ళల్లో మాత్రం నీళ్ళొచ్చాయట. డాక్టరు కుర్రాడు. చెయ్యి తేలిక, కానీ పని శుభ్రం తక్కువ. మా షాపులో అయితే ఒప్పుకునేవాణ్ణి కాదు. ఆ సంగతి నా స్నేహితుడు చూసుకున్నాడులే.

ముందుపళ్ళలో ఎడమవైపుది కొంచెం పక్కకి తిరిగి ఉండేదట. చిన్నప్పుడు వాళ్ళమ్మ దాన్ని చూసి వీడు అదృష్టవంతుడవుతాడు అనేదట. అది అలాగే పెట్టగలవా అని అడుగుతున్నాడు. కుదరకపోతే వద్దులే అంటున్నాడు.

మామయ్య

ఆ తిరిగిన పన్ను చూసే నేను ఈయన్ని చేసుకున్నాను. — అత్తయ్య


డిసెంబర్ 4

మామయ్యా,

మైనంలో పళ్ళు పేర్చి పంపిన సెట్టు తిరిగొచ్చింది. మీ ఊరి డాక్టరు చీటీ రాశారు. ఎడమవైపు పళ్ళు కలుస్తున్నాయి, కుడివైపు చెంచా దూరేంత సందు ఉంది.

నేను మళ్ళీ పేర్చాను. కొలతలన్నీ మళ్ళీ చూశాను. ప్లాస్టర్ అచ్చులు బిగించే దవడ పరికరంలో పెడితే రెండువైపులా చక్కగా కలుస్తున్నాయి. నోట్లో కలవడం లేదు. మేడం నా చేతుల్లోంచి తీసుకుని చూశారు. ఆవిడకీ అర్థం కాలేదు. "నీ పేర్పులో తప్పు లేదు, అయినా తప్పుంది" అన్నారు. తప్పెక్కడుందో తెలియకపోతే ఇది పరీక్షకి పనికిరాదు. మరో మనిషిని వెతకడానికి ఇక వ్యవధి లేదు.

నిన్న అమ్మ ఫోన్ చేసి బ్యాంకు పరీక్ష ఏప్రిల్లో అని చెప్పింది. మంచిదే అన్నాను.

మీ స్నేహితుడు కరిచేటప్పుడు ఒకవైపుకి ఒరిగి కరిచారేమో అడుగుతారా?

మీ
గుసగుస


డిసెంబర్ 12

గుసగుసకి,

ఒరగలేదు. తిన్నగానే కరిచాడు. నేను పక్కనే ఉన్నాను కాబట్టి చెప్పగలను.

నీ పనిలో తప్పెక్కడుందో నువ్వే వెతుక్కోవాలి. మైనం మాత్రం బ్రహ్మాండంగా ఉంది. డాక్టరు ఇచ్చినప్పుడు అది ఒకవైపు లావు, ఒకవైపు సన్నం, చూడ్డానికే అసహ్యంగా ఉంది. అలాంటి పని నా ఇంట్లోంచి బయటికి వెళ్తే నీ మేడం ఏమనుకుంటుంది? నా స్నేహితుడు దాన్ని వైసులో బట్ట వేసి బిగించి, సన్న ఆకురాయితో చదును చేసి, మూలమట్టం పెట్టి చూసి, రసమట్టం కూడా పెట్టి చూసి అప్పుడు డబ్బాలో పెట్టాడు. వెంట్రుక వాసి తేడా లేదు. ఈ రోజుల్లో ఎవరు చేస్తారు అంత పని?

కాబట్టి మైనం వంక చూడకు. ఇంకెక్కడో చూడు.

మామయ్య


డిసెంబర్ 17

మామయ్యా,

ఈ ఉత్తరం మీ స్నేహితుడికి. దయచేసి ఆయనకి చదివి వినిపించండి.

అయ్యా,

మీరు చేసింది తప్పు. ఆ మైనాన్ని ముట్టుకోవడానికి మీకు హక్కు లేదు.

అది ఒకవైపు లావు, ఒకవైపు సన్నం ఉండటం డాక్టరుగారి అశ్రద్ధ కాదు. మీ నోరే అలా ఉంది. అందరి నోళ్ళూ అలాగే ఉంటాయి. చాలా ఏళ్ళు కుడివైపు నమిలిన మనిషికి కుడి దవడ అరుగుతుంది. నవ్వే మనిషికి ఒకలా, పళ్ళు బిగబట్టి పనిచేసే మనిషికి ఒకలా అరుగుతుంది. అదంతా ఆ మైనంలో ఉంది. మీరు ఆకురాయితో తీసేశారు. నాకు చూడటానికి ఏమీ మిగల్చలేదు. నేను ఇన్ని వారాలు లేని మనిషికి పళ్ళు పేర్చాను.

మీరూ మామయ్యలాగే ఇనుముతో పనిచేసి ఉంటారు. ఇనుముకి మూలమట్టం సరిపోతుంది. నోరు చదరం కాదు. దానికి రసమట్టం పెట్టకూడదు. మీ బెంచి మీద ఎవరైనా మీరు తీసిన కొలతని మీకు చెప్పకుండా మార్చి ఉంటే మీరు వాళ్ళని గేటు బయట నిలబెట్టి ఉండేవారు.

మీరు మళ్ళీ డాక్టరు దగ్గరికి వెళ్ళాలి. మళ్ళీ కరవాలి. డాక్టరుగారే డబ్బాలో పెట్టి, డాక్టరుగారే పోస్టు చేస్తారు. మీరు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడండి.

మామయ్యా, ఇది రాసి ఒక రోజంతా బల్ల సొరుగులో పెట్టాను. మేడం చదివి, ఒక్క మాట కూడా మార్చొద్దన్నారు. మీ స్నేహితుడు చదును చేసిన మైనాన్ని మేకుకి తగిలించారు. నా సెట్టు పక్కనే.

మీ
గుసగుస


జనవరి 5

గుసగుసకి,

నా స్నేహితుడికి చదివి వినిపించాను.  ఈ పిల్ల ఎవరి దగ్గర నేర్చుకుంది ఇలా తిట్టడం అన్నాడు. నా దగ్గర కాదన్నాను.

తప్పు తనదేనన్నాడు. అతను తప్పు ఒప్పుకోవడం నేను ఇంతవరకూ వినలేదు. కాబట్టి దీన్ని దాచిపెట్టుకో.

మళ్ళీ వెళ్ళి కరిచి వచ్చాడు. చేతులు వెనక్కే కట్టుకున్నాడు. డబ్బా డాక్టరే పంపాడు. మేకులు కూడా కొట్టలేదు, ఉత్త అంటించే టేపు. ఎలా చేరుతుందో ఏమో.

ఇంకో మాట. పరీక్షకి అతను రాలేనంటున్నాడు. నలుగురి ముందు నోరు తెరవాలంటే సిగ్గట. ఒకప్పుడు షాపు మొత్తానికి వినబడేలా అరిచిన మనిషి, ఇప్పుడు పాత స్నేహితులు కలుద్దామంటే కూడా వెళ్ళడం లేదు. పళ్ళు పోస్టులో పంపితే ఇక్కడే పెట్టుకుంటాడు. ఇన్‌స్పెక్టర్‌కి అలా చెప్పి చూడు.

మామయ్య

 నీ ఉత్తరం చదివాక కోపంగా ఉన్నాడనుకున్నాను. ఒక పొద్దున్న అద్దం ముందు నిలబడి దవడ అటూ ఇటూ తోసి చూసుకుంటున్నాడు. "ఒసేయ్, నిజంగానే కుడివైపు అరిగిందే" అన్నాడు. — అత్తయ్య


జనవరి 12

మామయ్యా,

డబ్బా క్షేమంగా చేరింది. టేపు సరిపోయింది.

పోస్టులో పంపడం కుదరదు. మనిషి లేకపోతే పరీక్ష లేదు.

మీ స్నేహితుడికి ఒక సంగతి చెప్పండి. ఆ రోజు నోరు తెరవాల్సింది ఆయనొక్కరే కాదు. ఎందుకు ఇలా చేశానో నేను ఇన్‌స్పెక్టర్‌కి గట్టిగా చెప్పాలి. డాక్టరుగారు, మేడం, పాలిష్ అన్న అందరూ ఉంటారు.  స్కూల్లో ప్రార్థన చదవమంటే నేను పెదాలు మాత్రం కదిపేదాన్ని.

ఆయన వస్తే నేనూ మాట్లాడతాను. ఆయన రాకపోతే నాకు ఆ అవసరమే ఉండదు. బ్యాంకులో అద్దం వెనక కూర్చోవచ్చు. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడక్కర్లేదు.

తిరిగిన పన్ను అలాగే పెట్టాను.

మీ
గుసగుస


మార్చి 16

గుసగుసకి,

నా స్నేహితుడు నిన్న రాత్రి బండిలో తిరిగొచ్చాడు. పరీక్ష ఎలా జరిగిందిరా అంటే వివరం చెప్పడు. బాగా జరిగింది అంటాడు, ఆపిల్ తింటాడు, మళ్ళీ బాగా జరిగింది అంటాడు. లోపల మీరంతా ఏం మాట్లాడారో తనని వరండాలో కూర్చోబెట్టారు కాబట్టి తెలియదట. ఫలితం ఏమైంది? నువ్వే రాయాలి.

కింది సెట్టు వెనకాల ఒకచోట కొంచెం ఒరుసుకుంటోందట. ఆకురాయి జోలికి పోలేదు. డాక్టరు దగ్గరికే వెళ్తానన్నాడు. నేనే కాపలా ఉన్నాను.

మీ అమ్మకి ఫోన్ చేశాను. అత్తయ్య కాదు, నేనే. ఆలోచించడం అయిందని చెప్పాను. ఫలితం ఏదైనా సరే, అది పనే అని చెప్పాను. ఆ పుస్తకాల అట్టలు తీసి ఇంకెవరికైనా ఇచ్చెయ్యమన్నాను. ఎవరు మాట్లాడేది అని మీ అమ్మ మూడుసార్లు అడిగింది. నా గొంతు గుర్తుపట్టలేదు.

మొదట్లో ఒకటి అడిగాను, నువ్వు జవాబు రాయలేదు. అన్ని పనులుండగా పళ్ళే ఎందుకు?

మామయ్య

మీసం తీసేశాడు. వీధిలో ఎవరు కనబడినా ఆపి నవ్వుతున్నాడు. అవతలివాళ్ళు అప్పు అడుగుతాడేమోనని భయపడుతున్నారు. సీసా మూత పళ్ళతో తీయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. — అత్తయ్య


మార్చి 23

మామయ్యా,

ఈ ఉదయం నా బల్ల మీద కొత్త మేకు ఒకటి ఉంది. ఎందుకో చివర్లో రాస్తాను.

పరీక్షకి మీరు రాలేదు కాబట్టి అంతా వివరంగా చెబుతాను. మీ స్నేహితుడు మాత్రం అందరికంటే ముందే వచ్చారు. నేను ల్యాబ్ తలుపు తీసేసరికి మెట్ల మీద గొడుగు ఆనించుకుని కూర్చుని ఉన్నారు. రుమాలు మూతికి అడ్డంగా ఉంది. జలుబా అని అడిగాను. కొంచెం అన్నారు.

మీరెవరు అని ఇన్‌స్పెక్టర్ అడిగితే, "ఈ అమ్మాయి మామయ్యకి స్నేహితుణ్ణి" అన్నారు. మేడం దగ్గారు. నేను ప్లాస్టర్ డబ్బా వైపు తిరిగాను.

డాక్టరుగారు సెట్టు పెట్టారు. పేపర్లో నాలుగు వాక్యాలు చదవమన్నారు. మీ స్నేహితుడు మొదటి వాక్యం నాలాగే చదివారు, ఎవరికీ వినబడలేదు. రెండో వాక్యానికి గొంతు పెరిగింది. నాలుగో వాక్యం కింద సైకిల్ షాపులోకి కూడా వినిపించిందట. చాలన్నా ఆపలేదు. వాతావరణం మొత్తం చదివారు. తర్వాత ఆపిల్ ముక్క ఇచ్చి వరండాలో కూర్చోమన్నారు.

అప్పుడు నా వంతు వచ్చింది. ఇన్‌స్పెక్టర్ పెద్దమనిషి. మొహం బిగుసుకుని ఉంది. "ఇది అప్రెంటిస్‌షిప్‌కి తగిన పనేనా అని నా అనుమానం" అన్నారు. మీరు చెప్పినట్టు మొహం వదిలేసి చేతులు చూశాను. బొటనవేలి మీద పాత కాలిన మచ్చ ఉంది. ముందుపన్ను ఎందుకు వంకరగా పెట్టావని అడిగారు. తప్పనుకున్నారు. "ఆయనకి అలాగే ఉండేది సార్. వాళ్ళావిడకి అది ఇష్టం" అన్నాను. కుడివైపు పళ్ళు ఎందుకు ఎత్తుగా పెట్టావన్నారు. చెప్పాను. అరిగిన దవడ గురించి చెప్పాను, నమలడం గురించి చెప్పాను. నేను ఆగినప్పుడు పాలిష్ అన్న మిషన్ ఆగిపోయి ఉంది. నా గొంతు వరండా దాకా వెళ్ళిందని తర్వాత చెప్పాడు.

ఇన్‌స్పెక్టర్ గోడ వైపు చూసి ఆ వేలాడేవి ఏమిటన్నారు. మా మామయ్య షాపు ఆచారమని చెప్పాను. ఒకటి నా తప్పు, రెండోది మామయ్య స్నేహితుడి తప్పు అన్నాను. ఆయన మైనం దిమ్మ తీసి, దాని మీద బొటనవేలు నెమ్మదిగా పోనిచ్చారు. మళ్ళీ పోనిచ్చారు. "మైనం మీద ఇంత చదునుగా ఆకురాయి పట్టాడంటే మామూలు చెయ్యి కాదు. ఈయన ఎక్కడ పనిచేశాడు?" అన్నారు.  బయట ఆపిల్ తింటున్నారు అన్నాను.

తర్వాత ఆయన వరండాలోకి వెళ్ళడం, ఇద్దరూ లేత్ మిషన్ల గురించి బండి వేళ దాటిపోయేదాకా మాట్లాడుకోవడం మీ స్నేహితుడు మీకు చెప్పే ఉంటారు. చెప్పకపోతే అడగండి.

నిన్న బోర్డు నుంచి కాగితం వచ్చింది. కట్టుడు పళ్ళ పని జాబితాలో ఉంటుంది. నేనూ ఉంటాను. జూలైలో ఇంకో అమ్మాయిని తీసుకుంటున్నారు. కొత్త మేకు ఆ అమ్మాయికి. కొట్టడం నన్నే కొట్టమన్నారు.

పళ్ళే ఎందుకని రెండుసార్లు అడిగారు. నాకు ఎనిమిదేళ్ళప్పుడు వేసవి సెలవులకి కాన్వెంటు నుంచి మీ ఇంటికి వచ్చాను. ఒక పొద్దున్న మంచినీళ్ళ కోసం లేస్తే, మీ గది కిటికీలో గాజు గ్లాసులో మీ స్నేహితుడి పళ్ళు ఉన్నాయి. వాటి మీద ఎండ పడుతోంది. ఇంత బాగా ఎవరు చేశారో అనుకుంటూ చాలాసేపు అక్కడే నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు.

మీ
గుసగుస